అరణియార్ గట్టున టెంట్లు, తెడ్డు పడవలు: ఒప్పుకోవాలా, వద్దా?

తెడ్డుపిల్లోడు (తిరుపతి):
అందరికీ నమస్కారం. సెలవు దొరికితే మన ఊళ్లో వాళ్లకు ఉన్నవి రెండే దార్లు. కొండకు పోవడం, లేదంటే తలకోనకు పోవడం. తలకోనలో ఆదివారం జలపాతం కింద నిలబడాలంటే కల్యాణమండపంలో బంతి భోజనానికి నిలబడ్డట్టే, వెనక ఎవరో ఒకరు తోస్తూనే ఉంటారు.

నా ప్రతిపాదన ఇది. పిచ్చాటూరు అరణియార్ జలాశయానికి వెనకవైపు, ఊళ్లకు దూరంగా, పది పన్నెండు టెంట్లు పట్టేంత జాగా కేటాయించాలి. నేను అడిగేది రిసార్టు కాదు. ఏసీ గదులు వద్దు, జనరేటరు వద్దు, డీజే అసలే వద్దు. మంచినీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు, చెత్త వేయడానికి డబ్బాలు ఉంటే చాలు. మోటారు లేని కయాక్‌లు, మామూలు తెడ్డు పడవలు మాత్రమే. రాత్రి ఉండి పొద్దున వంట చేసుకుని తిని వచ్చేయడం. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండా తక్కువే.

మేం కొంతమందిమి కలెక్టరుకు అర్జీ పెడదామనుకుంటున్నాం. ముందు ఇక్కడ తిట్లేవో తినేస్తే మంచిది కదా. చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు:
డీజే వద్దు అన్నావ్ చూడు, అక్కడే నీ అర్జీకి సంతకాలు సగం పోయాయి అన్నా.

చెన్నై_తెలుగోడు:
నాది పుత్తూరే, ఉద్యోగం చెన్నైలో. నా ఓటు నీకే. మా ఆఫీసులో వాళ్లు శనివారం వస్తే చాలు నాగలాపురం కొండలకు ట్రెక్కింగ్ అని బయలుదేరతారు. అనుమతి ఉందా లేదా అని అడిగేవాడే ఉండడు. దొంగచాటుగా వచ్చేవాళ్లను ఆపలేనప్పుడు, డబ్బు తీసుకుని దర్జాగా ఒక చోట ఉంచడమే మేలు. కాకపోతే అరణియార్ ఎందుకు? చుట్టూ చెట్టూ నీడా లేని మైదానం అది. కల్యాణి డ్యాం అడగండి. తిరుపతికి దగ్గర, చుట్టూ కొండలు, అడవి. టెంటులోంచి తల బయట పెడితే శేషాచలం కనిపిస్తుంది.

రిటైర్డ్_బీటు:
చెన్నై తమ్ముడూ, కల్యాణి డ్యాం మాట ఇక్కడితో వదిలేయ్. నేను ఆ అడవుల్లోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటిది, అది తాగునీరు. తిరుపతి పట్నానికీ తిరుమలకూ ఆ నీళ్లు పోతాయి. దాని గట్టున పన్నెండు టెంట్లంటే పొద్దున్నే ఎంతమంది చెంబు పట్టుకుని పొదల చాటుకు పోతారో లెక్కేసుకో. మరుగుదొడ్డి కట్టించినా పోయేవాడు పోతూనే ఉంటాడు.

రెండోది, చట్టం. శేషాచలంలో 353 చదరపు కిలోమీటర్లు 1989లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు అయింది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్ చేశారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటి చోటికి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం. ఇక రాత్రి పడుకోవడం మాటేమిటి?

మూడోది జంతువులు. చంద్రగిరి, భాకరాపేట వైపు ఏనుగుల మంద తిరుగుతోందని మీకూ తెలుసు. ఎండాకాలం అవి నీళ్లకు వచ్చేది రాత్రి పూటే. మీరు టెంటు వేసేదీ నీళ్ల పక్కనే. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోనకు రాత్రి అడవి దారిన నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు పోయారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను ఎత్తుకెళ్లింది. వేలమంది నడిచే మెట్లదారిలోనే అలా జరిగితే, నలుగురు పడుకున్న గుడ్డ టెంటు ఏపాటి?

నాలుగోది ఎవరికీ తట్టదు. ఎర్రచందనం. రాత్రి పన్నెండింటికి కొండ కింద టార్చిలైటు కదిలితే, అది టూరిస్టుదా, చెట్టు నరకడానికి వచ్చిన కూలీదా అని మా వాళ్లకు ఎలా తెలుస్తుంది? ముందు అరుస్తారు. ఎదుటివాడు భయపడి పరిగెత్తాడా, ఆ తర్వాత ఏమైనా జరగొచ్చు. 2025 మార్చిలో పాపవినాశనం డ్యాంలో అటవీశాఖ పడవలు దిగితేనే ఎంత దుమారం రేగిందో గుర్తుందిగా.

ఇక నిప్పు. జనవరి దాటితే బోదగడ్డి నిలువునా ఎండిపోతుంది. మొదట్లో తెల్లగా పొగ వస్తుంది, మంట కనపడదు. ఏదో పొగమంచులే అనుకుంటారు. గాలి తిరిగిందంటే మనిషి కంటే ముందు కొండెక్కుతుంది. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది. క్యాంప్ ఫైర్ లేకుండా క్యాంపింగ్ చేస్తామని రాసి సంతకం పెట్టేవాళ్లు ఎంతమంది?

అరణియార్ అంటారా, అది నేషనల్ పార్కు కాదు. అక్కడ నేను చెప్పేదేమీ లేదు. అక్కడి వాళ్లను అడగండి.

పిచ్చాటూరు_రైతుబిడ్డ:
అక్కడి వాళ్లం ఉన్నాం సార్, ఇంతవరకు ఎవరూ అడగలేదు. అర్జీ రాసేసుకుని మాకు చెప్తున్నారు.

తెడ్డుపిల్లోడు తమ్ముడూ, నువ్వు "ఊళ్లకు దూరంగా" అన్న ఆ వెనకవైపు జాగా ఎవరిదనుకున్నావ్? నీళ్లు నిండినప్పుడు అది నీకు గట్టు. ఏప్రిల్‌లో నీళ్లు లోపలికి జరిగిపోయాక అదే మాకు పశువుల మేత. మా ఎనుములు ఆ బురదలోకి దిగి సాయంత్రం దాకా పడుకుంటాయి. పగిలిన బీరు సీసా పెంకు బురద కింద ఉంటే కంటికి కనపడదు. గిట్టల నడుమ దిగితే పశువు కాలు కింద పెట్టదు, మేతకు పోదు, పాలు ఎగ్గొడుతుంది. డాక్టరు వచ్చి కత్తితో కెలికి తీస్తుంటే ఇద్దరం తల పట్టుకోవాలి, ఒకడు తోక పట్టుకోవాలి. సీసా పారేసినవాడు అప్పటికి ఏ ఆఫీసులోనో కూర్చుని ఫొటోకు లైకులు లెక్కపెట్టుకుంటుంటాడు.

ఇంకోటి, కట్ట. మీకు టెంటు వేయడానికి ఎత్తుగా, చదునుగా కనిపించేది అదే. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకు పడితే ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. తిరుపతిలో ఉన్న ప్రతివాడికీ ఆ రాత్రులు గుర్తుండాలి. కట్ట మీద ఎలుక బొక్క కనిపించినా మేం మన్ను కొట్టి పూడుస్తాం. మీరు గడ్డపారతో మేకులు దిగ్గొట్టి, కార్లు ఎక్కించి, వానొస్తే టెంటు చుట్టూ కాలువ తవ్వుతామంటే చూస్తూ గమ్మునుండాలా?

నేను వద్దనే అంటున్నా.

తెడ్డుపిల్లోడు (తిరుపతి):
అన్నా, కట్ట మీద అని నేను అనలేదు. కట్టకు ఆమడ దూరంలో అని అర్జీలో రాస్తాం. సీసాల సంగతి నిజమే, అందుకే కాపలా, చెత్త డబ్బాలు అంటున్నది. అనుమతి లేకపోయినా ఇప్పుడు ఆదివారం మందు తాగేవాళ్లు రావడం లేదా? వాళ్లను ఎవరు అడుగుతున్నారు?

పిచ్చాటూరు_రైతుబిడ్డ:
వస్తున్నారు. వాళ్లను మేం అడుగుతున్నాం. టికెట్టు కొన్నవాణ్ణి మేం అడగలేం, "డబ్బు కట్టినాం" అంటాడు. తేడా అదే.

అలిపిరి_అక్క:
రైతుబిడ్డ తమ్ముడి మాటకు సమాధానం దొరక్కుండా నేను సంతకం పెట్టను గానీ, నాకైతే ఈ ఆలోచన ఇష్టమే. నా పిల్లలు నీళ్లంటే స్విమ్మింగ్ పూలే అనుకుంటున్నారు. చుక్కలు కనిపించే చోట ఒక్క రాత్రి పడుకోబెట్టాలని నాకూ ఉంటుంది.

కానీ తెడ్డుపిల్లోడూ, నీ పోస్టులో మరుగుదొడ్లు అన్న మాట ఒక్కటే ఉంది. ఆడవాళ్లకు వేరేగా, లోపల గడియ, లోపల లైటు, బకెట్టు నిండా నీళ్లు. ఇవి లేకపోతే అది మగపిల్లల క్యాంపే అవుతుంది, మేం రాం. ఫోను సిగ్నల్ ఉందా? రాత్రి పాము కరిస్తే 108 ఆ మట్టిదారిలో ఎంత దూరం రాగలదు? మన దగ్గర రక్తపింజరలు, కట్లపాములు తక్కువేం కాదు. కట్లపాము పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. టెంటు జిప్పు పూర్తిగా వేయని పిల్లవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు.

పడవల మాటకొస్తే, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది. పోయినవాళ్లలో మన తిరుపతి వాళ్లూ ఉన్నారు. ఆ వార్త చూసిన తల్లి ఎవరైనా లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని తొట్టిలో కూడా దించదు.

చెన్నై_తెలుగోడు:
అక్కా, అది గోదావరి, వరద నీళ్లు, మోటారు బోటు. ఇక్కడ నిలవ నీళ్లు, తెడ్డు పడవ. రెంటికీ పోలిక లేదు.

వలా_పుట్టీ:
పోలిక లేదని నువ్వంటున్నావ్ అన్నా, నీళ్లు అనవు. మాది చేపలు పట్టే ఇల్లు. ఇంతసేపూ చదువుతా ఉన్నా. గట్టు గురించే మాట్లాడుకుంటున్నారు, నీళ్లలో ఏముందో ఒక్కరూ అడగలే.

నిలవ నీళ్లు పొద్దున పూట మాత్రమే నిలవ. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. కొత్తగా తెడ్డు పట్టినవాడు గాలి వాటానికి అవతలి గట్టుకు సులభంగా పోతాడు. తిరిగి రావడానికి ఎదురుగాలి. చేతులు పీకేస్తాయి, భయంతో నిలబడతాడు, పడవ తిరగబడుతుంది. మా పిల్లలకు మేం మొదట నేర్పేదే ఇది. పోయేటప్పుడు ఎదురుగాలికి పో, వచ్చేటప్పుడు గాలే తెస్తుంది.

నీళ్ల కింద తుమ్మ మోడులు ఉంటాయి. పైకి జానెడు కూడా కనపడవు. గాలి నింపే రబ్బరు పడవలు తెస్తారే, వాటికి ఒక్క ముల్లు చాలు. తూము దగ్గర పైకి అంతా నిమ్మళంగా ఉంటుంది, కింద లాగుతుంది. ఆ చుట్టుపక్కలకు మేమే పోం.

మా వలలు సాయంత్రం కడతాం, తెల్లారుజామున తీస్తాం. గుర్తుకు థర్మాకోల్ ముక్కలో, ఖాళీ వాటర్ బాటిళ్లో తేలుతుంటాయి. మీ వాళ్లు చెత్త అనుకుని వాటిని ఏరేస్తారు, పుణ్యం చేశామని ఫొటో కూడా దిగుతారు. గుర్తు పోతే వల యాడుందో మాకు దొరకదు. తెడ్డు చిక్కుకుంటే కత్తితో వల కోస్తారు. అది మా నెల కూలి.

అయినా నేను వద్దనను. సొసైటీకి డబ్బు కట్టి చేపల హక్కు తీసుకున్నది మేం. పడవకు టికెట్టు పెడితే అందులో సొసైటీ వాటా ఉండాలి. ప్రతి గుంపు వెంబడి మా పిల్లోడు ఒకడు పుట్టిలో రావాలి, వాడికి కూలి ఇవ్వాలి. వల ఉన్న వైపు పోకూడదు. పొద్దున వలలు తీసినాక దిగి, గాలి లేవకముందే గట్టెక్కేయాలి. మీకు చేపల పులుసు కావాలంటే మా ఇంట్లో వండి పెడతారు, సంగటితో.

కొర్లగుంట_కుర్రోడు:
సంగటి, చేపల పులుసు అంటే నేను టెంటు లేకున్నా వస్తా అన్నా.

రిటైర్డ్_బీటు:
వలా_పుట్టీ చెప్పిన దాంట్లో ఒక్క మాట గమనించారా? పొద్దున దిగి, గాలి లేవకముందే గట్టెక్కేయడం. అంటే ఇది పగటి పని. పడవకూ టెంటుకూ ముడి పెట్టిందెవరు? రాత్రి అడవిలాంటి చోట పడుకోవాలన్న కోరికే ఉంటే తలకోనలో నెరబైలు వన సంరక్షణ సమితి వాళ్ల గదులున్నాయి. ఆదివారం కాకుండా మంగళవారమో బుధవారమో పోండి, జలపాతం మీ ఒక్కరిదే.

చెన్నై_తెలుగోడు:
సార్, గదిలో పడుకోవడం క్యాంపింగా? గండికోటలో పెన్నా లోయ పక్కన టెంట్లు వేస్తున్నారు, కయాకింగ్ ఉంది, బెంగళూరు వాళ్లు బారులు తీరి వస్తున్నారు. కడప జిల్లాకు చేతనైంది మనకు చేతకాదా?

పిచ్చాటూరు_రైతుబిడ్డ:
గండికోటకు నేనూ పోయినా. లోయ బాగుంది. లోయ అంచున రాళ్ల సందుల్లో ప్లాస్టిక్ గ్లాసులు కూడా బాగా కనపడినాయి. చేతనయ్యేది అదే అయితే మాకు చేతకాకపోయినా ఫర్వాలేదు.

తెడ్డుపిల్లోడు (తిరుపతి):
సరే. గండికోటను నేను ఉదాహరణగా తేలేదు, తేను కూడా. టెంటు లేకపోతే ఇది మామూలు బోటింగ్ పాయింటు అయిపోతుందనేదే నా భయం. చీకటి పడ్డాక నీళ్ల పక్కన కూర్చోవడం కోసమే నేనిదంతా మొదలుపెట్టింది, పెడల్ బోటు కోసం కాదు. అదే కావాలంటే చంద్రగిరి కోటలోనే తొక్కుకుంటా.

అర్జీని మాత్రం రెండుగా విడగొడతాను. మొదటిది పగటి పడవలు: సొసైటీకి వాటా, వెంట వాళ్ల మనిషి, అందరికీ లైఫ్ జాకెట్లు, గాలి లేచే వేళకు బంద్. కల్యాణి డ్యాం ఊసే ఉండదు. రెండోది రాత్రి టెంట్లు: ఇది జనవరి, ఫిబ్రవరికి మాత్రమే, కట్టకు దూరంగా, నిప్పు లేకుండా. వంట గ్యాసు స్టవ్ మీదే. గాజు సీసా గేటు దగ్గరే ఆపేయాలి. అలిపిరి అక్క చెప్పిన మరుగుదొడ్లు కట్టాకే మొదలుపెట్టాలి. రైతుబిడ్డ అన్నా, రెండో దానికి మీ ఆయకట్టు రైతులు ఒప్పుకుంటేనే పెడతాను. మీ ఊరికి వచ్చి కూర్చుని మాట్లాడతాం.

పిచ్చాటూరు_రైతుబిడ్డ:
రండి. మొదటి కాగితం మీద నేను సంతకం పెడతా. రెండో దానికి నా ఒక్కడి మాట చాలదు, నేనైతే ఇప్పటికీ వద్దనే అంటా. చెరకు కొట్టే పనిలో ఉంటాం, పొద్దున రావద్దు, సాయంత్రం రండి. గేటు దగ్గర ఆపుతామన్న ఆ సీసాలు ఎవరు ఆపుతారో, వాళ్లకు జీతం ఎవరిస్తారో ముందు తేల్చుకుని రండి. మా పెద్దోళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.