రెండున్నర వేల కొరొల్లాకి పదిహేడు వందల రిపేరు: చలికాలం ముందు చేయించాలా, వదిలించుకోవాలా?

మూడో సెమిస్టర్
అందరికీ నమస్కారం. మిచిగన్‌లోని మౌంట్ ప్లెజంట్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మే నెలలో ఊరు వదిలి వెళ్తున్న ఒక సీనియర్ దగ్గర 2006 టయోటా కొరొల్లా కారు 2,500 డాలర్లకి కొన్నాను. 1,92,000 మైళ్ళు తిరిగిన బండి. ఎండాకాలమంతా ఏ గొడవా లేదు. నిన్న ఆయిల్ మార్పించడానికి వెళ్తే లిఫ్ట్ మీదకెక్కించి పెద్ద చిట్టా చదివారు. వెనక చక్రాలకి బ్రేక్ ఆయిల్ తీసుకెళ్ళే పైపులు, అంటే బ్రేక్ లైన్లు, రెండూ తుప్పుపట్టి పొరలుగా రాలుతున్నాయట, ఇంకా లీక్ లేదు, మార్చడానికి 620. నాలుగు టైర్లు 480. బ్యాటరీ 170. ముందు చక్రాలని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు చిరిగాయి, రెండూ మార్చి అలైన్‌మెంట్ చేస్తే 430. మొత్తం 1,700.

ఇప్పటిదాకా క్యాంపస్‌కీ సరుకులకీ తప్ప తీయలేదు. జనవరి నుంచి మిడ్‌ల్యాండ్‌లో ఇంటర్న్‌షిప్. వారానికి మూడు రోజులు ఎం-20 రోడ్డు మీద ఒక్కో వైపు సుమారు 27 మైళ్ళు. చేతిలో ఉన్నది 3,100. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "అసలు అంత పాత బండి ఎందుకు కొన్నావు" దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడేం చేయమంటారు?

లెక్కల మాస్టారు
ఆలోచించాల్సిన పనే లేదు. రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే వదిలేయాలి. నీది సగం కాదు, మూడింట రెండు వంతులు. పైగా తుప్పుపట్టిన బండికి ఇచ్చే అంచనా ఎప్పుడూ తక్కువే. బోల్టు విరిగిందంటారు, పక్కనున్న ముక్క కూడా పోయిందంటారు. 1,700 అన్నది 2,000 దగ్గర తేలుతుంది. ఆ డబ్బు పెట్టాక కూడా మిగిలేది ఇరవై ఏళ్ళ నాటి కొరొల్లానే.

కాంటన్ మామయ్య
మాస్టారూ, మీ సూత్రం బీమా కంపెనీకి పనికొస్తుంది, విద్యార్థికి పనికిరాదు. బండి విలువతో పోల్చి లాభం లేదు. ఈ 1,700కి స్క్రాపువాడు ఇచ్చే మూడు నాలుగు వందలు కలిపితే బయట ఏం దొరుకుతుందో దానితో పోల్చాలి. రెండు వేలకి డెట్రాయిట్ చుట్టుపక్కల దొరికేది ఇంకో 2006 బండే. అదీ మంచు కరగడానికి రోడ్ల మీద పోసే ఈ ఉప్పులోనే ఇన్నేళ్ళు తిరిగింది. దీని రోగాలేమిటో నీకు తెలుసు, దాని రోగాలు జనవరిలో తెలుస్తాయి. మిచిగన్‌లో వాడిన బండి కొన్నా ధర మీద 6 శాతం పన్ను కట్టాలి, 15 రోజుల్లో టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, మార్పించుకోవాలి.

ఇంకో మాట. ఆ చిట్టా మొత్తం బండి ఖర్చు కాదు. బ్యాటరీ, టైర్లు ఏ బండికైనా చలికాలం ముందు చూసుకోవాల్సినవే. రేపు దీన్ని అమ్మినా కొత్త బ్యాటరీ, కొత్త టైర్లు చూపించి నాలుగు డాలర్లు ఎక్కువ అడగొచ్చు. నిజంగా బండి కోసం పెట్టేది 1,050. నేను ఇక్కడ పద్నాలుగు చలికాలాలు చూశాను, అందులో తొమ్మిది ఇలాంటి బండ్లతోనే.

నైట్ షిఫ్ట్ అక్క
డబ్బు లెక్క తర్వాత, తమ్ముడూ. నాకు మినియాపోలిస్‌లో అయింది చెప్తాను. పొద్దున ఏడింటికి డ్యూటీ దిగి వస్తున్నా. సిగ్నల్ దగ్గర బ్రేక్ నొక్కితే పెడల్ నేల దాకా దిగిపోయింది. బ్రేకులు రెండు సర్క్యూట్లుగా ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది కొంచెం పట్టింది. బండి ఆగింది, కానీ ఆగాల్సిన చోట కాదు, కూడలి మధ్యలో. అటు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. నాకూ "లీక్ లేదు, వచ్చే నెల చూద్దాం" అనే చెప్పారు. లైను తుప్పుపట్టి పల్చబడితే మామూలుగా నొక్కినప్పుడు తట్టుకుంటుంది. గట్టిగా నొక్కిన రోజే పగులుతుంది. గట్టిగా నొక్కేది ఎప్పుడో నీకే తెలుసు.

ఆ 620 ఈ వారమే పెట్టు. లేదంటే బండి తాళాలు రూమ్మేట్‌కి ఇచ్చి దాచమను.

డాలస్ బాబాయ్
మీరంతా ఎందుకింత భయపెడుతున్నారు? నా 2004 కామ్రీకి ఇన్నేళ్ళలో బ్రేక్ లైన్ మార్చిందే లేదు. కింద చూస్తే ఇప్పటికీ రంగు కూడా పోలేదు. మెకానిక్‌లు కుర్రాళ్ళని చూసి చిట్టా పెంచుతారు.

కాంటన్ మామయ్య
బాబాయ్, మీ కామ్రీ ఉప్పు చూడలేదు. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉంది, ఆ ఉప్పే రోడ్ల మీద పోస్తారు. మంచు పడకముందే ఉప్పు నీళ్ళు చల్లుతారు కూడా. అది బండి కింద సందుల్లోకి వెళ్ళి వసంతం దాకా అక్కడే కూర్చుంటుంది. ఇక్కడ ఇంజిన్ చచ్చి పోయే కొరొల్లాలు తక్కువ, ఇంజిన్ బాగుండగానే ఒళ్ళు రాలిపోయేవి ఎక్కువ.

డాలస్ బాబాయ్
అయితే ఇంకేం, ఇక్కడి బండి కొనుక్కో. తుప్పు లేని బండి తెచ్చుకుంటే ఆరేడేళ్ళు హాయిగా వాడొచ్చు.

లెక్కల మాస్టారు
ఇది మంచి మాట, డబ్బున్న వాళ్ళకి. దాన్ని ట్రక్కు మీద రప్పించడానికీ, నడుపుకుంటూ రావడానికీ అయ్యే ఖర్చు ఆ 3,100లోంచే తీయాలి. మిచిగన్‌లో ఇన్సూరెన్స్ ఎంతో కూడా అడగండి ఆ అబ్బాయిని.

పాత షెడ్డు
మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. నేను ఒహాయోలో సాఫ్ట్‌వేర్ చేస్తున్నా చేతులు ఊరుకోవు, ఆదివారాలు ఎవరో ఒకరి బండి కిందే ఉంటాను.

తమ్ముడూ, మీరంతా కొట్టుకుంటున్న 1,700 అసలు ప్రశ్నే కాదు. ఆ షాపువాళ్ళు మార్చగలిగే వస్తువుల గురించే చెప్పారు. మార్చలేనిది ఒకటుంది, ఒళ్ళు. ఈ బండ్లకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. అది తినేసి ఉంటే బ్రేక్ లైన్లు బంగారంతో చేయించినా దండగ. అందుకని పైసా పెట్టకముందు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద చూడు. తలుపుల కింద పొడుగునా ఉండే అంచు, టైరు మార్చేటప్పుడు జాకీ పెట్టే చోటు, ముందు ఇంజిన్ కింద ఉండే సబ్‌ఫ్రేమ్ బాడీకి బిగించిన చోట్లు, వెనక చక్రాలని కలిపే యాక్సిల్ బీమ్ బిగించిన చోట్లు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. గట్టి ఇనుము ఠంగుమంటుంది, పోయినది డొక్కు అట్టపెట్టెలా మోగుతుంది. అనుమానంగా ఉంటే మొనతో పొడు. ఒట్టి జాకీ మీద ఎత్తిన బండి కిందికి మాత్రం దూరకు. ఆ షాపులోనే ఇరవై డాలర్లిచ్చి లిఫ్ట్ మీద చూపించమను.

ఒళ్ళు బాగుంటే లైన్లు మార్పించు. నికెల్-రాగి పైపు వేయమని అడుగు, అది తుప్పు పట్టదు, వంచడం కూడా తేలిక. పాడైన ముక్క కోసి మధ్యలో నట్టుతో బిగించే అతుకు, కంప్రెషన్ ఫిట్టింగ్, పెడతామంటే ఒప్పుకోకు, బ్రేక్ ఒత్తిడికి అది నిలవదు. బుష్‌లు ఆగుతాయి. కాకపోతే చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపించు. కంట్రోల్ ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్‌లో ఆట, అంటే వదులు, ఉంటే మాత్రం ఆగడానికి లేదు, అది ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది.

టైర్ల సంగతి. డబ్బు మిగులుతుందని ముందు రెండింటికే వింటర్ టైర్లు వేయించకు. ముందు పట్టుంటుంది, వెనక జారుతుంది, మలుపులో బండి తోక తిప్పేస్తుంది. నాలుగూ ఒకేరకం. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచు పువ్వు ఉన్న వింటర్ గుర్తు ఉందేమో చూసుకో. వాడిన టైర్లైతే పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చదువు. 3819 అంటే 2019లో 38వ వారం తయారైందని.

మూడో సెమిస్టర్
అందరికీ థాంక్స్. అక్క రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, బండి తీయడం ఆపేశాను. ఊళ్ళో ఐ-రైడ్ బస్సు ఉంది కాబట్టి క్లాసులకి ఇబ్బంది లేదు. మిడ్‌ల్యాండ్‌కే దారి లేదు. శనివారం లిఫ్ట్ మీద చూపిస్తాను.

(శనివారం సాయంత్రం)

చూశాను. సబ్‌ఫ్రేమ్ దగ్గర ఠంగుమంది. వెనక బీమ్ దగ్గర పైన తుప్పుంది కానీ గట్టిగానే ఉంది. బాల్ జాయింట్లలో ఆట లేదు. కానీ కుడివైపు తలుపు కింద, వెనక జాకీ పెట్టే చోట, స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. అరచేయంత చోటు. బయటికి నల్లగా నిగనిగలాడుతూ ఉంది, ఎవరో అమ్మేముందు నల్ల రంగు కొట్టించారు. మే నెలలో అది చూసి "కింద కూడా ఎంత బాగుందో" అని మురిసిపోయాను.

లెక్కల మాస్టారు
పైన పటారం, లోన లొటారం. నేను మొదటే చెప్పాను.

కాంటన్ మామయ్య
మీరు చెప్పింది ఖర్చు గురించి మాస్టారూ, తుప్పు గురించి కాదు. ఒక పక్క అరచేయంత కన్నం అంటే ఈ రాష్ట్రంలో సగం పాత బండ్లకి ఉంటుంది. సబ్‌ఫ్రేమ్ బాగుంది, బీమ్ బాగుంది. ఒక చలికాలం కోసం ఇది చాలు.

నైట్ షిఫ్ట్ అక్క
పెన్సిల్వేనియాలో అయితే ఏటా తనిఖీ ఉంటుంది, ఆ కన్నంతో పాస్ కావడం కష్టం. మిచిగన్‌లో తనిఖీ లేదు కాబట్టి "అందరికీ ఉంటుంది" అంటున్నారు. అడిగేవాళ్ళు లేనంత మాత్రాన కన్నం పూడిపోదుగా మామయ్యా?

కాంటన్ మామయ్య
అమ్మా, బండి మానేస్తే ఇంటర్న్‌షిప్ మానేయాలి. ఆ కన్నం కూడా లెక్కలోకి తీసుకోవాలిగా.

పాత షెడ్డు
ఇద్దరిదీ నిజమే. తలుపు కింది ఆ అంచు బలానికే ఉంది, పక్క నుంచి గుద్దితే అడ్డం నిలిచేది అదే. కన్నం పడితే ఆ పక్క బలహీనమైనట్టే. కానీ ఒకచోటే ఉంది, బీమ్ దగ్గరికి పాకలేదు కాబట్టి నేనైతే ఈ ఒక్క చలికాలానికి నడుపుతాను. నడుపు అని నీకు చెప్పను, నా సంగతి చెప్తున్నాను. మూడు విషయాలు గుర్తుపెట్టుకో. ఆ చోట జాకీ పెట్టకు, బండి కూలుతుంది. కార్పెట్ ఎత్తి లోపల ఫ్లోర్‌కి కన్నాలున్నాయా చూడు. ఫ్లోర్‌కి కన్నం, సైలెన్సర్ పైపుకి లీక్, ఈ రెండూ కలిస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. చలికి అద్దాలన్నీ మూసుకునే కదా నడుపుతావు, దానికి వాసన కూడా ఉండదు. మూడోది, వసంతంలో అమ్మేసెయ్, ఇంకో చలికాలం ఆశపడకు.

బ్యాటరీ మాత్రం తప్పదు. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది. అదే సమయానికి ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం అడుగుతుంది.

మూడో సెమిస్టర్
కార్పెట్ ఎత్తి చూశాను అన్నా. తడిగా ఉంది కానీ కన్నం లేదు. సైలెన్సర్ కూడా వినమన్నాను, లీక్ లేదన్నారు.

బుష్‌లు వదిలేసి లైన్లు, టైర్లు, బ్యాటరీ చేయిస్తున్నాను. 1,270. నికెల్-రాగి పైపు అనగానే మెకానిక్ నా వంక వింతగా చూసి "ఎవరు చెప్పారు" అన్నాడు. నలభై డాలర్లు ఎక్కువవుతుందట, సరే అన్నాను. మిగిలిన డబ్బు ముట్టుకోకుండా పెడతాను, జనవరిలో ఏదైనా అయితే ఆ రోజే స్క్రాపుకి.

లెక్కల మాస్టారు
1,310. ఏప్రిల్‌లో అమ్మితే ఎంతొచ్చిందో ఇక్కడే రాయి. అప్పుడు మాట్లాడుకుందాం.

నైట్ షిఫ్ట్ అక్క
మంచు గట్టిగా పడే రోజు ఇంటి నుంచి పని చేయొచ్చా అని ఆఫీసులో అడిగావా?

మూడో సెమిస్టర్
ఇంకా చేరకముందే అడగడం బాగోదేమో అనుకున్నాను అక్కా.

నైట్ షిఫ్ట్ అక్క
బాగోకపోయినా అడుగు.

మూడో సెమిస్టర్
ఇప్పుడే మెయిల్ పెట్టాను.