జోంగా ముందు డిఫరెన్షియల్‌లోకి నీళ్లు ఎటునుంచి వస్తున్నట్టు?

బండి పాత మిలిటరీ జోంగా, పెట్రోల్. పద్మనాభం దగ్గర గోస్తని నది దాటుతుంటాం, మోకాలి లోతు నీళ్లు, అవతల గట్టంతా బురద. యాక్సిల్ చల్లారాకే దించుతున్నాం; వేడి మీద దింపితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల గుండా నీళ్లు లాగేస్తుంది కదా. అయినా మర్నాడు ముందు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యన చక్రాలకు శక్తి పంచే గేర్ల డబ్బా) ప్లగ్ విప్పితే ఆయిల్ పాలు కలిపిన టీలా వస్తోంది. వెనకది శుభ్రం.

యాక్సిల్‌కి గాలి ఆడే బ్రీదర్ కడిగి, గొట్టం తగిలించి బానెట్ దాకా ఎత్తాం. పినియన్ (ఇంజన్ వైపునుంచి షాఫ్ట్ తిప్పే గేరు) సీల్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తవి వేశాం. 90 గ్రేడ్ ఆయిల్ మార్చినా అదే కథ. ఆ పినియన్ సీల్ కూర్చునే ఫ్లాంజి మీద గోరు తగిలేంత గాడి ఉంది. ఇటు స్టీరింగ్ నకిల్ (యాక్సిల్ చివర ముందు చక్రం మలుపు తిరిగే కీలు) గుండ్ల మీద తుప్పు గుంటలు, గ్రీజు కూడా తెల్లబడింది.

యాక్సిల్ మొత్తం విప్పకుండా, నీళ్లు పినియన్ వైపునుంచా, నకిల్ వైపునుంచా అని తేల్చుకునే మార్గం ఏమైనా ఉందా?