‘పుష్’ అన్న ఆంగ్ల క్రియను ప్రతిచోటా ‘తోయు’ అనవచ్చునా?

కొత్త అనువాదకుడు:
సభ్యులకు నమస్కారం. ఒక ఆంగ్ల కథను తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒకచోట ‘హీ ఈజ్ పుషింగ్ ఫిఫ్టీ’ అనీ, మరోచోట ‘వెన్ పుష్ కమ్స్ టు షవ్’ అనీ ఉన్నాయి. నిఘంటువు చూస్తే పుష్‌కూ షవ్‌కూ తోయు, నెట్టు అన్న మాటలే కనబడుతున్నాయి, అవి పెడితే వాక్యానికి అర్థమే ఉండటం లేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో, ఇటువంటి పలుకుబడులను ఎలా తెలుగు చేయాలో దయచేసి చెప్పగలరు.

విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు:
పుష్ అన్నది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చింది, నాడి అని అర్థమిచ్చే ‘పల్స్’ దానికి దగ్గరి చుట్టం. షవ్ మాత్రం ప్రాచీన ఆంగ్లంలోనే ఉన్న మాట. తలుపునూ, తోపుడు బండినీ, పాప ఊయలనూ పుష్ చేస్తారు, అందులో మొరటుతనమేమీ లేదు. కిక్కిరిసిన బస్సులో పక్కవాణ్ణి మోచేత్తో నెట్టడం, మడత పెట్టని బట్టలను బీరువాలో కుక్కడం షవ్ అవుతాయి. కాబట్టి ‘వెన్ పుష్ కమ్స్ టు షవ్’ అంటే మామూలు తోపులాట ముదిరి గెంటుకునేదాకా వచ్చినప్పుడు, అనగా ఏదో ఒకటి తేల్చుకోక తప్పనప్పుడు అని భావం. సందర్భం కుదిరితే ‘పీకల మీదికి వచ్చినప్పుడు’ అని రాయండి.

‘పుషింగ్ ఫిఫ్టీ’ విషయంలో జాగ్రత్త అవసరం. ఆ మనిషికి యాభై ఇంకా నిండలేదు, దగ్గరపడ్డాయి. ‘యాభయ్యో పడిలో ఉన్నాడు’ అని రాస్తే అప్పుడే దాటించినట్లవుతుంది.

‘పుష్ ఆఫ్’, ‘షవ్ ఆఫ్’ రెండూ పడవను ఒడ్డు నుంచి నెట్టి కదిలించడానికి వాడే మాటలే, ఎదుటివాడితో అంటే మాత్రం ‘ఇక్కణ్ణుంచి పో’ అని కసరడం. ‘పుషింగ్ అప్ ది డెయిజీస్’ అంటే చనిపోయి, సమాధి మీద పూలు మొలిచే స్థితిలో ఉన్నాడని వేళాకోళం. దానిని ‘పరమపదించారు’ అని గౌరవంగా అనువదిస్తే నవ్వు కాస్తా పోతుంది, ‘టపా కట్టేశాడు’ అన్నదే ఆ ధోరణికి దగ్గర.

ఐటీ ఉద్యోగిని, హైదరాబాద్:
మాస్టారు చెప్పినదానికి ‘పుష్ బ్యాక్’ను చేర్చాలి, ఎందుకంటే మా కార్యాలయంలో ఎక్కువగా తికమకపెట్టేది అదే. మీటింగును పుష్ బ్యాక్ చేశారంటే వాయిదా వేశారని, ఒక ప్రతిపాదన మీద పుష్ బ్యాక్ వచ్చిందంటే అభ్యంతరం చెప్పారని అర్థం. విమానాశ్రయంలో అదే మాటకు, విమానాన్ని ట్రాక్టరు వంటి బండితో గేటు దగ్గర నుంచి వెనక్కి నెట్టడం అని అర్థం. ఇక ప్రోగ్రాముల కోడులో మార్పులను నమోదు చేసే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో, మన కంప్యూటరులో చేసిన మార్పులను సర్వరుకు పంపడాన్ని ‘కోడ్ పుష్ చేయడం’ అంటాము. దీన్ని దయచేసి తెలుగు చేయకండి, ‘కోడు నెట్టావా’ అని మాలో ఎవరూ అడగరు.

కొత్త అనువాదకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, ‘డోంట్ పుష్ యువర్ లక్’ అన్నదానిని ‘అదృష్టాన్ని పరీక్షించుకోకు’ అనవచ్చునా?

విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు:
అనకూడదు. అదృష్టాన్ని పరీక్షించుకునేవాడికి ఇంకా ఏమీ దక్కలేదు, ఇక్కడి మనిషికి అప్పటికే దక్కింది. రెండు రోజులు సెలవిచ్చిన అధికారి దగ్గరకు మూడో రోజు కూడా అడగడానికి బయలుదేరినవాడితో అనే మాట ఇది. ‘ఇచ్చారు కదా అని మరీ అతికి పోకు’ అంటే సరిపోతుంది.

తెలుగు నుంచి ఆంగ్లానికి వెళ్లేటప్పుడూ ఈ చిక్కు ఉంది. ‘ఉన్న జీతంతో సంసారం నెట్టుకొస్తున్నాను’ అన్న వాక్యంలో పుష్‌కు చోటు లేదు, అక్కడ ‘గెట్టింగ్ బై’ అనాలి. హైకోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చిందంటే ‘డిస్మిస్డ్’ అని రాయాలి.