మొదటి క్లాసికల్ గిటార్ కిట్: వానాకాలంలో పై పలక అతికించొచ్చా?

ప్రశ్న (నల్గొండ నుంచి)

అందరికీ నమస్తే. క్లాసికల్ గిటార్ కిట్ తెప్పించుకున్నాను. పక్క చెక్కలు ముందే వంచి పంపారు, మెడ చెక్కి ఉంది, వేళ్లతో తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డుకు మెట్లు (ఫ్రెట్‌లు) దిగే గాట్లు కోసి ఉన్నాయి. పై పలక స్ప్రూస్, వెనక, పక్కలు రోజ్‌వుడ్. దసరాకల్లా వాయించాలని ఆశ. కానీ ఇక్కడ ముసురు పట్టింది. గాలిలో తేమ 45 శాతం దగ్గర ఉన్నప్పుడే పై పలక అడుగున బలానికి పెట్టే లోపలి బద్దలు అతికించమని కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంది. మామూలు ఇంట్లో అదెట్లా సాధ్యం? తలుపులకు వాడే తెల్ల జిగురు చాలని మా వీధి వడ్రంగి అంటున్నాడు. క్లాంపులన్నీ కొనాలంటే బడ్జెట్ లేదు. తమ్ముడేమో సౌండ్ గట్టిగా వస్తుంది, స్టీల్ తీగలు వేద్దామంటున్నాడు. కాస్త చెప్పండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

తమ్ముడూ, ముసురు తగ్గేదాకా పై పలక జోలికి పోకు. మిగతా పనులు ఏవైనా చేసుకో.

ఎందుకంటే చెక్క తేమ పీల్చినప్పుడు పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఇప్పుడు పలక ఉబ్బి ఉంది. దాని మీద అడ్డ బద్దలు అతికించావనుకో, ఏప్రిల్, మే వచ్చేసరికి పలక ముడుచుకుందామని చూస్తుంది, బద్దలు ముడుచుకోనివ్వవు. రెండున్నర మిల్లీమీటర్ల పలక ఆ లాగుడికి గ్రెయిన్ (చెక్క నార గీతల) వెంబడి నిలువునా చీలుతుంది. మన పాలమూరు, నల్గొండ ఎండలు తెలిసినవే కదా. ఇట్లా చీలిన గిటార్లు రిపేరుకు నా దగ్గరికి వస్తుంటాయి, అన్నీ వేసవిలోనే. అదే పొడిగా ఉన్నప్పుడు అతికిస్తే, వానాకాలంలో పలక కొంచెం పైకి ఉబ్బుతుంది, తీగలు కాస్త ఎత్తు పెరుగుతాయి, అంతే. చీలిక రాదు.

పై పలక మీద ఇంత పట్టుదల ఎందుకంటే గిటార్‌కు అదే ప్రాణం. నేటి క్లాసికల్ గిటార్‌కు రూపం ఇచ్చిన స్పెయిన్ మేస్త్రి ఆంటోనియో డి టోర్రెస్ 1862లో వెనక, పక్కలు కాగితం గుజ్జుతో చేసి, పై పలక మాత్రం మంచి చెక్కతో పెట్టి గిటార్ కట్టాడు. శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో చూపించడానికే ఆ పని చేశాడు.

ముందు తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొను. కొన్నాక పరీక్షించు: సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టు. ఏడెనిమిది గంటలాగి చూస్తే 75 చూపించాలి. 80 చూపిస్తే ఆ మీటరు 5 ఎక్కువ చెబుతోందని లెక్క. పలకను, బద్దలను కలిపి పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ వేసి ఉంచు. మీటరు కూడా లోపలే పెట్టి 45 దగ్గర నిలిచేలా చూసుకో, మరీ ఎండబెట్టకు. కొన్ని రోజులు అట్లా ఉన్నాక తీసి వెంటనే అతికించు. తెలిసినవాళ్లింట్లో ఏసీ గది దొరికితే పని ఇంకా తేలిక.

స్టీల్ తీగలు మాత్రం వద్దే వద్దు. నైలాన్ తీగలు ఆరూ కలిపి సుమారు 40 కిలోల బరువుతో లాగుతాయి. స్టీల్ అయితే 70 దాకా పోతుంది. ఈ పలక, ఈ బద్దలు దానికోసం చేసినవి కావు. పలక మీద తీగలు కట్టే చెక్క, అంటే బ్రిడ్జి, ఊడొస్తుంది.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

జిగురు సంగతి నేను చెబుతా. తెల్ల జిగురు తలుపుకు మంచిదే, గిటార్‌కు కాదు. ఆరాక కూడా కొంచెం రబ్బరు గుణం ఉంటుంది, తీగలు రోజంతా లాగుతుంటే వేడికి మెల్లగా జారుతుంది. టైట్‌బాండ్ ఒరిజినల్ అనే చెక్క జిగురు, ఎర్ర లేబుల్ది తెప్పించుకో. అతికించే ముందు రోజ్‌వుడ్‌ను ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడువు, ఆ చెక్కలో నూనె ఉంటుంది. శాండ్‌పేపర్ పట్టేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ పొడి చాలామందికి పడదు.

క్లాంపులకు టెన్షన్ పడకు. పాత సైకిల్ ట్యూబులు నిలువుగా పట్టీల్లా కోసి బాడీ చుట్టూ బిగించి చుట్టొచ్చు. లోపలి బద్దలు అతుక్కునేదాకా నొక్కి పట్టడానికి వెదురు బద్దలు వాడు. బల్లకు రెండడుగుల పైన ఇంకో ప్లైవుడ్ పలక గట్టిగా నిలబెట్టి, మధ్యలో వెదురు బద్దను విల్లులా వంచి ఇరికిస్తే ఒత్తిడి సరిగ్గా అతుకు మీదే పడుతుంది. వెదురు అల్లేవాళ్ల దగ్గర సన్నగా చీల్పించుకో.

వడ్రంగితో ఉలి పదును పెట్టించుకో, ప్లైవుడ్ కోయించుకో. పై పలకను మాత్రం ఆయన రంధా మెషిన్‌లో పెట్టనివ్వకు.

ప్రశ్న (నల్గొండ నుంచి)

చాలా థాంక్స్ అన్నా. ఇంకో డౌటు. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అని ఉంది, బ్రిడ్జి గుర్తు మాత్రం దాదాపు 652 దగ్గర చూపించారు. తప్పు ప్రింటా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

తప్పు కాదు. తీగను నొక్కితే కొంచెం సాగుతుంది, శ్రుతి పైకి పోతుంది. దాన్ని సరిచేయడానికే ఆ రెండు మిల్లీమీటర్లు. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి కాబట్టి తర్వాత జరుపుకోవచ్చు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కు 325 ఉందో లేదో ముందు చూడు. ఉంటే అక్కడి నుంచి శాడిల్ (బ్రిడ్జి గాడిలో కూర్చునే సన్న పట్టీ) మీద తీగ ఆనే అంచుకు 327 పెట్టు. కొలత శాడిల్‌కే, బ్రిడ్జి చెక్క అంచుకు కాదు.

అతికించే ముందు అటూ ఇటూ చివరి తీగల చోట దారాలు లాగి, ఫ్రెట్‌బోర్డు రెండంచుల నుంచి దూరం సమానంగా ఉందో చూడు. కుదిరాక శాడిల్ గాడిలో రెండు చివర్లా ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రాలు పలకలోకి వేసి సన్న మేకులు దింపు. జిగురు రాశాక బ్రిడ్జి జారదు. ఆరాక మేకులు తీసెయ్, రంధ్రాలు శాడిల్ కింద దాగిపోతాయి. బ్రిడ్జి కూర్చునే చోట పాలిష్ ఉండకూడదు, ఉంటే గీకేయ్.

పాలిష్‌కు లక్క, స్పిరిట్ చాలు. ముసురులో పూస్తే తెల్లగా మసకబారుతుంది కాబట్టి దసరా మాట మరిచి సంక్రాంతి పెట్టుకో.

ప్రశ్న (నల్గొండ నుంచి)

సరే అన్నా, సంక్రాంతికే. మీటరు ఆర్డర్ పెట్టేశా. ఈలోపు బాడీ అచ్చు చేసుకుంటా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుందా?

జవాబు (మిర్యాలగూడ నుంచి)

సరిపోతుంది, మూడు పొరలు కలిపి అతికించు. ఒక్క పొరే పెడితే పక్క చెక్కలు నిటారుగా నిలబడవు.