రెండే టైర్లు కొంటే కొత్తవి ముందా, వెనకా?

చక్రి: ఫ్రంట్ వీల్ డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్, టైరు సైజు 185/65 ఆర్15 88హెచ్. ముందు జత గాడి లోతు 2 మి.మీ.కి దిగింది, వెనక జత 5 మి.మీ. ఉంది. ఇప్పటికి రెండే కొంటాను. షాపులో ముందు వేస్తామంటున్నారు. మీరేమంటారు?

స్పానర్ మాస్టారు: షాపులో చెప్పింది సబబే. ఇంజన్ బరువు ముందే, బండిని లాగేవీ తిప్పేవీ ముందు చక్రాలే. బ్రేకు కొడితే బరువంతా అటే వాలుతుంది. పట్టు కావాల్సిన చోట కొత్తది వేయకపోతే ఎలా? పైగా వానలో ముందు చక్రాలు నీళ్లు చిమ్మి దారి చేస్తాయి, వెనకవి ఆ దారిలోనే వస్తాయి.

గోదారి గేరు: తిన్నగా పోయేటప్పుడే ఆ మాట, మాస్టారూ. వంపులో వెనక చక్రం ముందుదాని జాడలో రాదు, లోపలికి కోసుకుని వస్తుంది. అక్కడి నీళ్లన్నీ దాని గాడులే తోడాలి. ముందు జారితే బండి వంపు తిరగకుండా తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు పట్టు దొరుకుతుంది. వెనక జారితే తోక తిరుగుతుంది. భయంతో కాలు బ్రేకు మీదికి పోతుంది, దాంతో వెనక ఇంకా తేలికవుతుంది. మిషెలిన్ వాళ్లు కూడా ఏ డ్రైవైనా కొత్త జత వెనకే వేయమంటారు.

స్పానర్ మాస్టారు: బండి జారకుండా చూసే ఈఎస్‌పీ ఎందుకుంది మరి? ఊళ్లో 40లో తిరిగే బండికి ఈ నీళ్ల గొడవేంటి?

గోదారి గేరు: ఈఎస్‌పీ ముఖ్యంగా చేసేది ఒక్కో చక్రానికి బ్రేకు వేయడమే. నీళ్ల మీద తేలుతున్న టైరుకు బ్రేకు వేసి ఏం లాభం? ఊళ్లో 40కి మీ వాదన ఒప్పుకుంటా, అక్కడ తేడా పెద్దగా తెలియదు. కానీ అదే బండి వానాకాలంలో హైవే ఎక్కదా? అయినా ముందు గుండు టైర్లు ఉంచమని ఎవరన్నారు? 2 మి.మీ. జత తీసేస్తాం, 5 మి.మీ. జత ముందుకొస్తుంది.

రబ్బరు రామం: ఇంకో లెక్క ఉంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ముందువి త్వరగా అరుగుతాయి. ప్రతిసారీ కొత్తవి ముందే వేస్తూ పోతే వెనక జత అరగకుండానే ముసలిదవుతుంది, గాడి నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి బీటలు వస్తాయి. కొత్తవి వెనక, వెనకవి ముందు అనే వరస పెట్టుకుంటే ఏ టైరూ మూల పడదు. నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్‌కి ఇది కుదరదు. 8 మి.మీ. టైరుకీ 3 మి.మీ. టైరుకీ చుట్టుకొలతలో సుమారు 31 మి.మీ. తేడా, అది చక్రాలకు శక్తి పంచే గేర్ల (డిఫరెన్షియల్) మీద పడుతుంది. వాళ్లు నాలుగూ మార్చాల్సిందే.

చక్రి గారూ, డబ్బు కట్టేముందు పాత ముందు టైర్లు ఎలా అరిగాయో చూడండి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. లోపలి అంచే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక, పోయినట్టు. అది సరిచేయకుండా కొత్తవి వేస్తే వాటికీ అదే గతి. టైరు పక్కన DOT (డీఓటీ) అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడండి: 2325 అంటే 2025లో 23వ వారం. రబ్బరు వాల్వులు కొత్తవి వేయించండి, చాలా షాపుల్లో అడిగితే గానీ వేయరు. గాలి డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ ప్రకారమే. టైరు మీద రాసిన అంకె గరిష్ఠ పరిమితి. నట్లు గన్‌తో బిగించి వదిలేయనివ్వొద్దు, ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే స్పానర్) బిగించమనండి. 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూపించండి.

స్పానర్ మాస్టారు: వంపు సంగతి ఒప్పుకున్నా. కానీ ఆ వెనక జత వయసెంతో అడగకుండానే ముందుకు తెచ్చేస్తున్నారే! స్టీరింగ్ కింద ముసలి టైరు పెడతారా?

చక్రి: ఇప్పుడే చూశా. వెనక రెండింటి మీదా 3818 అని ఉంది. గాడుల మధ్య సన్నటి బీటలు కూడా.

గోదారి గేరు: 2018లో 38వ వారం! అయితే మాస్టారిదే పైచేయి. 5 మి.మీ. ఉన్నా వాటిని ముందుకు తేవొద్దు, వెనకా ఉంచొద్దు. ఈ నెల ఆగైనా నాలుగూ కొనండి.