పాడుబడ్డ ఇళ్లకు 25 కోట్ల డాలర్ల బాండ్లు: డెట్రాయిట్ ‘ప్రపోజల్ ఎన్’ను సమర్థించవచ్చా?

తూర్పువీధి (2020 అక్టోబర్ 11)

సభ్యులకు నమస్కారం. నవంబర్ 3న అధ్యక్ష ఎన్నికతో పాటు మిషిగన్ రాష్ట్రంలోని మా డెట్రాయిట్ నగర ఓటర్ల ముందుకు ‘ప్రపోజల్ ఎన్’ కూడా వస్తోంది. 25 కోట్ల డాలర్ల వరకు బాండ్లు అమ్మి, ఆ సొమ్ముతో సుమారు 8,000 పాడుబడ్డ ఇళ్లను కూల్చివేస్తామని, నిలబెట్టదగిన మరో 8,000 ఇళ్లను భద్రపరచి మరమ్మతు చేసుకునేవారికి ఇస్తామని నగర పాలక సంస్థ చెబుతోంది.

నేను నగరం లోపలే ఉంటున్నాను. మా కుడిపక్క ఇల్లు 2012 నుంచి ఖాళీగా ఉంది. మొదటి చలికాలంలోనే రాగి గొట్టాలు కోసుకుపోయారు, తరువాత కిటికీలు పోయాయి, రెండేళ్ల కిందట వెనుక గది తగలబడింది. ఆ రాత్రి మంటలు మా కప్పుకు అంటుకోకపోవడం గాలి చలవే. అందుకని నా మొగ్గు ఎటో దాచడం లేదు. అయినా ఈ ఖర్చును అప్పు చేసి ప్రజలే భరించాలా అన్న ప్రశ్నకు మీ అభిప్రాయాలు కోరుతున్నాను.

లెక్కలమనిషి (అక్టోబర్ 11)

తూర్పువీధి గారూ, పక్కింట్లో మంటలు చూసినవారికి లెక్కలు చెప్పడం మర్యాద కాదేమో గానీ, మీరు అడిగారు కనుక చెబుతాను.

‘దీనివల్ల పన్ను పెరగదు’ అన్న ప్రచారం అర్ధసత్యం. నగరం తన అప్పుల కోసం ఆస్తి పన్నులో ఇప్పుడు 9 మిల్లులు వసూలు చేస్తోంది, అంటే పన్ను విధించదగిన విలువలో ప్రతి 1,000 డాలర్లకు 9 డాలర్లు. పాత బాండ్లు తీరేకొద్దీ ఆ రేటు దిగిరావాలి. కొత్త బాండ్లు వస్తే అది అక్కడే ఉండిపోతుంది. తగ్గవలసినది తగ్గకపోవడం పెంపు కాదనడం మాటల గారడీ.

అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటుంది. ఈ ఇళ్లలో చాలావాటిని ఖాళీ చేయించింది 2008 నాటి బ్యాంకు అప్పులు మాత్రమే కాదు. మిషిగన్ రాజ్యాంగం ప్రకారం ఇంటి మదింపు, అంటే పన్ను కోసం కట్టే విలువ, మార్కెట్ విలువలో సగం దాటకూడదు. ధరలు కుప్పకూలిన తరువాత కూడా నగరం పాత మదింపులనే పట్టుకుని కూర్చుంది. 2010 నుంచి 2016 వరకు యజమానుల నుంచి కనీసం 60 కోట్ల డాలర్లు అదనంగా రాబట్టిందని ‘డెట్రాయిట్ న్యూస్’ ఈ జనవరిలో లెక్కగట్టింది. మూడేళ్లు పన్ను కట్టలేనివారి ఇంటిని కౌంటీ జప్తు చేసి, చివరకు 500 డాలర్ల ప్రారంభ పాటతో వేలానికి పెట్టింది. ఆ అన్యాయాన్ని తట్టుకుని ఊళ్లో మిగిలినవారి దగ్గరే, పొరుగువారు వదిలిపోయిన ఇంటిని కూల్చడానికి మళ్లీ డబ్బు అడుగుతున్నారు. తప్పు చేసిన చెయ్యే దండగ వసూలు చేయడం అంటే ఇదే కదా?

నిర్వహణ సంగతి సరే సరి. ఇంతకుముందు కేంద్ర నిధులతో జరిగిన కూల్చివేతల్లో లంచాల కేసుకు సంబంధించి నిరుడు ఇద్దరికి శిక్ష పడింది. నగర ఆడిటర్ జనరల్ నివేదిక కూడా లోపాలను ఎత్తిచూపింది. నిరుడు నవంబర్‌లోనే నగర మండలి ఇలాంటి ప్రతిపాదనను 6–3 ఓట్లతో తోసిపుచ్చింది.

ఎరీతీరం (అక్టోబర్ 12)

నేను ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ వైపు మనిషిని. లెక్కలమనిషి గారి ఆగ్రహంతో ఏకీభవిస్తూనే ఆయన ముగింపుతో విభేదిస్తున్నాను.

ఈ ఖర్చు ప్రజలు కాదు, ‘బ్యాంకులే కట్టాలి’ అనేవారూ ఉన్నారు. ఆ వాదనను మా నగరం న్యాయస్థానంలో పరీక్షించింది. 2008 జనవరిలో 21 బ్యాంకుల మీద దావా వేసి, మా వీధులను మీరే పాడుచేశారని వాదించింది. మరుసటి ఏడాది ఆ దావా కొట్టివేతకు గురైంది. పైగా బ్యాంకులు నేర్చిన మరో విద్య ఉంది. జప్తు కేసు మొదలుపెడతారు, నోటీసు చూసి ఇంటివారు సామాను సర్దుకుని వెళ్లిపోతారు, తరువాత ఆ ఇంటి విలువ ఖర్చుకు కూడా సరిపోదని తెలిసి బ్యాంకు కేసును మధ్యలో వదిలేస్తుంది. హక్కు పత్రం ఇంకా తన పేరనే ఉందని పాత యజమానికి తెలియదు. అలాంటి ఇంటికి గడ్డి కోయించేవారెవరు? పన్ను కట్టేవారెవరు?

అయితే మా కౌంటీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2009లో ల్యాండ్ బ్యాంకు, అంటే పాడుబడ్డ ఆస్తులను తీసుకుని కూల్చడమో బాగుచేయించడమో చేసే సంస్థ, ఏర్పడింది. బకాయి పడిన ఆస్తి పన్నుల మీద వచ్చే వడ్డీలు, జరిమానాలే దానికి ప్రధాన ఆధారం. కొన్ని రుణ సంస్థలతో బేరమాడి, పనికిరాని ఇళ్లతో పాటు కూల్చివేత ఖర్చులో కొంత భాగం కూడా రాబట్టింది. డెట్రాయిట్ ఓటర్లు తమ నాయకులను అడగవలసినది ఇది: బాండ్ల జోలికి వెళ్లేముందు ఈ బేరం ఎంతవరకు ఆడారు?

ఇక కేంద్ర నిధి సంగతి. ఇళ్లు పోగొట్టుకోబోతున్నవారిని ఆదుకోవడానికి 2010లో పెట్టిన ‘హార్డెస్ట్ హిట్ ఫండ్’ నుంచి 10 కోట్ల డాలర్లను కూల్చివేతలకు మళ్లించడానికి 2013లో ట్రెజరీ (కేంద్ర ఆర్థిక శాఖ) మిషిగన్‌కు అనుమతి ఇచ్చింది. ఆ దారి విస్తరించి డెట్రాయిట్‌లో వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఉపయోగం లేదనను. కూల్చివేతకు 500 అడుగుల లోపు ఉన్న ఇళ్ల విలువ 4.2 శాతం పెరిగిందని 2015 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. కానీ పన్ను బకాయి తీర్చి ఒక కుటుంబాన్ని ఇంట్లో నిలబెట్టడం కంటే, ఆ కుటుంబం వెళ్లిపోయాక ఇల్లు కూల్చడానికి ఎక్కువ ఖర్చయిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి మాత్రం డబ్బు దొరికింది.

నోవైవాసి (అక్టోబర్ 12)

శివారులో ఉంటాను, నాకు అక్కడ ఓటు లేదు, ఆ మాటకొస్తే హెచ్-1బీ మీద ఎక్కడా లేదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆ 500 డాలర్ల పన్ను వేలాల్లో ఇల్లు చూడకుండా కొని, పన్ను కట్టకుండా మళ్లీ వదిలేసినవారిలో మనవాళ్లూ ఉన్నారు. నా పాత సహోద్యోగి ఒకాయన రెండు కొన్నాడు, ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. బ్యాంకులను తిట్టేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకుందాం.

తూర్పువీధి (అక్టోబర్ 13)

అందరికీ కృతజ్ఞతలు. లెక్కలమనిషి గారు చూపిన 60 కోట్ల మాట నన్ను నిజంగా కలవరపెట్టింది, ఎందుకంటే మా పక్కింటి పెద్దాయన పోగొట్టుకున్నది బ్యాంకుకు కాదు, పన్నుకే. ఆయన బకాయి మాఫీ చేసి ఉంటే ఈ రోజు నేను ఈ ప్రశ్న అడిగేవాణ్ని కాను.

అయినా వాదన ఎంత న్యాయమైనదైనా ఆ ఇంటి కప్పు ఈ చలికాలం మంచు బరువును ఆపలేదు. కేంద్ర నిధి కూల్చడానికే తప్ప బాగుచేయడానికి పనికిరాలేదు. ఈ బాండ్ల సొమ్ము రెండింటికీ వాడవచ్చు. అందువల్ల నా ఓటు ‘అవును’ వైపే ఉండవచ్చు. అంతకుముందు మా వాడ సమావేశంలో ఒకటి అడగదలచుకున్నాను: కూల్చే 8,000 చిరునామాలు ఏవి, నిలబెట్టే 8,000 ఏవి, ఆ నిలబెట్టినవాటిలో పన్ను వేలంలో ఇల్లు పోయినవారికి మొదటి అవకాశం ఇస్తారా? గురువారం సాయంత్రం సమావేశం. వచ్చిన జవాబును ఇక్కడే రాస్తాను.