భీమిలిలో పిల్లలతో రెండు రోజులు: సముద్రంలో దిగకుండా ఏమేమి చూపించవచ్చు?

కొత్తపేట నాన్న (హైదరాబాదు)

మాకు తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి ఉన్నారు. ఫిబ్రవరి రెండో శనివారం కలిసివచ్చేలా విశాఖకు రైలు టికెట్లు తీసుకున్నాము. విశాఖలోని జలాంతర్గామి ప్రదర్శనశాలనూ, జంతు ప్రదర్శనశాలనూ పిల్లలకు ఇదివరకే చూపించాము కనుక, ఈసారి రెండు రోజులూ భీమిలి అని పిలిచే భీమునిపట్నంలోనే గడపాలని అనుకుంటున్నాను. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు కూడా మాతో వస్తున్నారు.

రెండేళ్ల క్రితం వేరొక తీరంలో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆడుకుంటున్న మా అమ్మాయిని వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకతో సహా లాగివేసింది. నేను చెయ్యి పట్టుకుని ఉన్నాను కనుక ప్రమాదం తప్పింది గాని, ఆనాటి నుంచి పిల్లలను సముద్రంలోకి దింపడానికి నాకు మనసు ఒప్పడం లేదు. నీళ్లలో దిగనప్పుడు సముద్రం ఒడ్డు ఊరికి వెళ్లడం దేనికని బంధువులు అడుగుతున్నారు. అక్కడ పిల్లలతో గడిపినవారు, ఆ ఊరివారు మీ అనుభవాలు చెప్పగలరా?

గోస్తని గట్టు

అయ్యా, నేను పుట్టి పెరిగినది భీమిలిలోనే. మీ నిర్ణయం సరైనదేనని ముందుగా చెబుతున్నాను. మా తీరంలో అలలు విరగకుండా నీరు నిలకడగా కనిపించే చోటే మంచిదని బయటి ఊళ్ల నుంచి వచ్చినవారు తరచు పొరబడుతుంటారు. ఒడ్డుకు చేరిన నీరంతా ఒక్క పాయగా కూడి మళ్లీ లోపలికి పరుగెత్తే దారి చాలాసార్లు అదే అవుతుంది. గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఈ లాగుడు ఇంకా మోసకారిగా ఉంటుంది. ఇక్కడ పెరిగిన మేము కూడా మా పిల్లలను పెద్దవాళ్లు పక్కన లేకుండా నీళ్ల దగ్గరకు పంపము.

ఇక చూడవలసినవాటి సంగతికి వస్తాను. ఉదయం ఆరు గంటలకు ముందే పిల్లలను లేపి తీరానికి తీసుకురండి. సూర్యుడు సముద్రంలో నుంచి పైకి రావడం హైదరాబాదు పిల్లలకు కొత్త కనుక, ఆ ఒక్క దృశ్యం కోసమైనా నిద్ర చెడగొట్టుకోవచ్చు. ఆ తరువాత పడవలు ఒడ్డుకు చేరే వైపు నడవండి. అదృష్టం బాగుంటే అలివి వల లాగడం కనిపిస్తుంది. పడవ మీద తీసుకువెళ్లి అర్ధచంద్రాకారంగా నీటిలో వదిలిన పెద్ద వలను, దాని రెండు కొసలకూ కట్టిన తాళ్లు పట్టుకుని రెండు జట్ల మనుషులు ఒడ్డు మీద నుంచే లయగా పాడుకుంటూ, అడుగడుగునా ఒకరికొకరు దగ్గరవుతూ లాగుతారు. పూర్తి కావడానికి గంటకు పైనే పడుతుంది గాని, వల సంచి ఇసుక మీదికి వచ్చే క్షణం దాకా పిల్లలు అక్కడి నుంచి కదలరు. కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు అనే చేపలు, వాటి నడుమ ఒకటో రెండో పీతలు, పేరు తెలియని జెల్లీ చేపలు కూడా బయటపడతాయి. ఆ జెల్లీ చేపలను పిల్లలు ముట్టుకోకుండా చూడండి, కొన్నింటికి చర్మం మండుతుంది. తాడు పట్టుకోనిమ్మని మర్యాదగా అడిగితే మా వాళ్లు పిల్లలను కాదనరు. అయితే అది వారి జీవనం కనుక, పనికి అడ్డం వచ్చి ఫొటోలు తీయవద్దని కోరుతున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. మీరు వచ్చేది ఫిబ్రవరి కనుక ఆ ఇబ్బంది లేదు.

నీళ్లకు దూరంగా ఇసుక మీద కూడా చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక మీద మినపగింజంత ఉండలు ముగ్గు పెట్టినట్టు పరచి ఉంటాయి. అవి చిన్న పీతలు ఇసుకలోని ఆహారాన్ని ఏరుకుని తిని, మిగిలినదాన్ని ఉండ చుట్టి వదిలినవి. చప్పుడు చేయకుండా అయిదు నిమిషాలు కూర్చుంటే కలుగుల్లో నుంచి అవి బయటకు వస్తాయి. కొంచెం పైన ఊదారంగు పూలతో ఇసుకను అల్లుకుని ఉండే తీగ బాలబంద. ముళ్ల బంతుల వంటి కాయలతో గాలికి దొర్లిపోయే గడ్డిని రావణాసురుని మీసాలు అంటారు. ఈ పేరు చెప్పి చూడండి, మీ అబ్బాయి ఇంటికి వెళ్లేదాకా దాన్ని వదలడు.

బడిపంతులమ్మ (విజయనగరం)

మా బడి పిల్లలను రెండుసార్లు భీమిలికి తీసుకువెళ్లాను. గోస్తని గట్టు గారు తీరం సంగతి చక్కగా చెప్పారు కనుక నేను ఊరి సంగతి చెబుతాను.

తొమ్మిదేళ్ల అమ్మాయికి చరిత్ర రుచి చూపించడానికి ఈ ఊరు సరిగ్గా తగిన కొలతలో ఉంది. చూడవలసినవన్నీ చిన్నవి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. డచ్చి సమాధుల తోటలో కోసుగా పైకి లేచిన కట్టడాలు, అక్షరాలు చెక్కిన రాతిపలకలు ఉన్నాయి. మా పిల్లలకు కాగితాలిచ్చి, పలకల మీద తమకు కనిపించిన అంకెలను రాసుకోమన్నాను. భాష తెలియకపోయినా అంకెలు అందరివీ కనుక, చనిపోయిన ఏడులో నుంచి పుట్టిన ఏడును తీసివేసి, కొందరు ఎంత చిన్న వయసులో పోయారో వాళ్లే లెక్క కట్టుకున్నారు. ఆ తరువాత కాసేపు ఎవరూ అల్లరి చేయలేదు. అంత దూరం నుంచి ఎందుకు వచ్చారని ఒక పిల్ల అడిగింది. బట్టల కోసమని నేను చెప్పిన జవాబు, తన ఒంటి మీది గౌను వైపు చూసుకున్నాకగాని ఆమెకు నమ్మశక్యం కాలేదు.

ఇంకొక చిన్న సంగతి ఉంది. మనం పచ్చడి చేసుకునే గోంగూరకు సంబంధించిన గోగునారను ఒకప్పుడు ప్రపంచ వర్తకంలో బిమ్లీ జనుము అని పిలిచేవారు. బిమ్లీ అంటే ఈ ఊరే. గోగు కట్ట కనిపిస్తే ఒక కాడ తీసి, దాని బెరడు ఒలిచి, నార ఎంత గట్టిగా ఉంటుందో పిల్లలను లాగి చూడమనండి.

మచిలీపట్నం మనిషి

బడిపంతులమ్మ గారి మాటకు ఒకటి చేరుస్తాను. మా బందరులో డచ్చివారు ఉన్న పేటను ఇప్పటికీ వలందపాలెం అనే అంటాము (వలందులు అంటే డచ్చివారే), వాళ్ల సమాధులు మా దగ్గరా ఉన్నాయి. ఒక తీరం వెంట ఎన్ని రేవులను ఆ వర్తకులు పట్టుకున్నారో పిల్లలు పటం మీద వేలు పెట్టి చూసుకుంటే బాగుంటుంది.

ఇసుకతిన్నె

ఎర్రమట్టి దిబ్బలను తప్పక చూపించండి. భీమిలి నుంచి విశాఖ వైపు నాలుగైదు కిలోమీటర్లు వస్తే చాలు. మా ఇద్దరు అబ్బాయిలు ఆ ఎర్రటి వాలుల మీద నుంచి జారుతూ మధ్యాహ్నం దాకా ఆడుకున్నారు. బట్టలకు అంటిన ఎరుపు మూడు ఉతుకులకు గాని వదలలేదు. అంతకన్నా మంచి ఆటస్థలం నేను చూడలేదు.

రాళ్ల భాష

ఇసుకతిన్నె గారూ, మీ పిల్లల సంతోషాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, కాని దయచేసి ఆ వాలుల మీద జారమని ఎవరికీ చెప్పకండి. నేను భూగర్భశాస్త్ర విద్యార్థిని, ఆ దిబ్బల్లో ఎన్నో రోజులు నడిచాను.

అది మట్టి అని పేరే గాని నిజానికి ఇసుక. వేల ఏళ్ల క్రితం, మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా ఎంతో కిందికి ఉన్నప్పుడు, బయటపడిన సముద్రపు అడుగు నుంచి గాలి ఎగరేసుకు వచ్చిన ఇసుక ఇక్కడ పేరుకున్నది. అందులోని ఇనుము గాలితోనూ తేమతోనూ కలిసి తుప్పు పట్టి, రేణువు రేణువుకూ ఎర్రటి పూత పూసింది. ఆ పూతే రేణువులను కొంతవరకు పట్టి ఉంచుతున్నది. వానలకు కోసుకుపోయి ఏర్పడిన గెడ్డల గోడలు చూడడానికి కొండల్లా ఉన్నా, ఒక్క పిల్లవాడు జారితే ఒక చేట నిండా రాలిపోతాయి. సెలవు రోజుల్లో అలా వందమంది జారితే ఏమి మిగులుతుందో ఆలోచించండి. ఇటువంటి ఎర్ర ఇసుక తిన్నెలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మన చుట్టుపక్కల మరెక్కడా లేవు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో దీనిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

చూడడానికి మాత్రం తప్పక వెళ్లండి. గెడ్డ అడుగున ఉన్న కాలిబాట వెంట నడవండి. పిల్లలకు ఒక భూతద్దం ఇచ్చి, కింద రాలి ఉన్న ఎర్ర ఇసుకనూ తీరంలోని తెల్ల ఇసుకనూ అరచేతుల్లో పక్కపక్కన పోసి చూడమనండి. గోడల అంచున నిలబడనివ్వకండి, అవి చెప్పకుండా విరిగిపడతాయి.

ఇసుకతిన్నె

ఇది నాకు తెలియదు. మళ్లీ వెళ్లినప్పుడు మా వాళ్లకు ఈ సంగతి చెప్పి నడిపిస్తాను.

ముగ్గురు మనవల అమ్మమ్మ

కొత్తపేట నాన్న గారూ, మీ అమ్మగారి గురించి ఎవరూ ఏమీ అనలేదు కనుక నేను చెబుతున్నాను. పావురాలకొండ మీద బౌద్ధుల కాలంనాటి విహారాల శిథిలాలూ, వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లూ ఉన్నాయి. అక్కడి నుంచి నదీ సముద్రమూ కలిసే చోటు విప్పిన పటంలా కనిపిస్తుంది. కాని ఆ ఎక్కుడు మోకాళ్ల నొప్పులవారికి పనికిరాదు. పెద్దపాపను తీసుకుని మీరు ఎండ ముదరక ముందే ఎక్కి రండి, మీ అమ్మగారినీ చిన్నవాణ్ణీ కింద నీడలో ఉండనివ్వండి. ఇక్కడి బౌద్ధ స్థలాలైన పావురాలకొండ, తొట్లకొండ, బావికొండ, ఈ మూడు పేర్లలోనూ కొండ మీద ఏముందో దాగి ఉందని మా మనవరాలు కనిపెట్టింది. తొట్లకొండ కూడా చూడాలంటే విశాఖకు తిరిగి వెళ్లేటప్పుడు తీరం రోడ్డు మీదనే తగులుతుంది.

పదకొండు నుంచి మూడున్నర దాకా గదిలోనే ఉండి పిల్లలను నిద్రపుచ్చండి. తాగునీరు, ఒక జత పొడి బట్టలు, కాళ్లు కడగడానికి ఒక సీసా మంచినీళ్లు వేరుగా పెట్టుకోండి. మరుగుదొడ్డి అవసరం బస చేసిన చోటే చూసుకుని బయలుదేరడం ఆడవారికి మేలు. సాయంత్రం తీరంలో కాల్చిన మొక్కజొన్న పొత్తులూ మురీ మిక్చరూ దొరుకుతాయి. ఉల్లిపాయ ముక్కలు మా ఎదురుగా తరిగి కలిపేవారి దగ్గరే నేను కొంటాను.

కొత్తపేట నాన్న (హైదరాబాదు)

నిన్ననే తిరిగి వచ్చాము. మీ అందరికీ చెప్పవలసిన బాధ్యత ఉందని రాస్తున్నాను.

అలివి వల మొదటి రోజు కనిపించలేదు, రెండో రోజు కనిపించింది. మా అమ్మాయి తాడు చివర పట్టుకుని ఇరవై నిమిషాలు లాగింది. వచ్చిన చేపలు రెండు గంపలు కూడా నిండలేదు. అంత కష్టానికి ఇంతేనా అని ఆమె ఒక పెద్దాయనను అడిగితే, ఆయన నవ్వి, రేపు మళ్లీ వేస్తామమ్మా అన్నారు. అబ్బాయి రావణాసురుని మీసాల వెంట పరుగెత్తడంలోనే రెండు ఉదయాలు గడిపాడు. ఎర్రమట్టి దిబ్బల్లో ఒక్కరూ జారలేదు. జారుతున్న వేరే పిల్లల దగ్గరకు మా అమ్మాయి తానే వెళ్లి మంచుయుగం గురించి చెప్పింది, వాళ్లు ఎంతవరకు విన్నారో తెలియదు. సమాధుల తోటలో మా అమ్మగారు ఒక రాతి మీద కూర్చుని, ఏ తల్లి కన్న బిడ్డలో అని కళ్లు తుడుచుకున్నారు. సముద్రంలో దిగలేదని రెండు రోజుల్లో పిల్లలు ఒక్కసారి కూడా అడగలేదు.

ఒక్క విషయం మాత్రం మనసులో ఉండిపోయింది. రెండో ఉదయం ఒడ్డున పెద్ద తాబేలు ఒకటి చచ్చి పడి ఉంది. అది ఎందుకు చచ్చిపోయిందని అమ్మాయి అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయాను.

గోస్తని గట్టు

అది ఆలివ్ రిడ్లీ తాబేలు అయి ఉంటుంది. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఇవి ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. తాబేలు నీటిలో బతికినా ఊపిరి మాత్రం పైకి వచ్చి గాలి పీల్చుకోవలసిందే. మర పడవలు లాగే వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. వలలో తాబేలు తప్పించుకుపోయే ద్వారం అమర్చే పరికరాలు ఉన్నాయి. అవి అన్ని పడవలకూ ఉంటే ఇన్ని కళేబరాలు కొట్టుకురావు. మీ అమ్మాయికి ఈ సంగతి దాచకుండా చెప్పండి, తాడు లాగిన పిల్లకు అర్థమవుతుంది.

వీలైతే మార్చి నెలలో ఆమెను మళ్లీ ఒకసారి తీసుకురండి. మన తీరంలో అటవీశాఖవారు తాబేళ్ల గుడ్లను ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతి కాపాడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటకు వస్తాయి. వాటిని సముద్రంలోకి వదిలే రోజు ఎప్పుడో ముందుగా వారిని అడిగి తెలుసుకుని రావాలి. ఫోను లైటు వేయకూడదు, చేతితో పట్టుకోకూడదు. అరచేతిలో సగం కూడా లేని పిల్ల తనంతట తానే అల దాకా పాకి వెళ్లేదాకా పక్కన నిలబడి ఉండాలి. మీరు వచ్చే రోజు ముందుగా ఇక్కడ రాస్తే నేను కూడా తీరానికి వస్తాను.